సూఫీ మార్గం ఇస్లాంలో భాగమా, కాదా? దర్గాకు వెళ్లడమేనా అది?

పెన్నా తీరం
మాది కడప. హిందువులం. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మా అమ్మ గురువారం వస్తే పెద్ద దర్గాకు వెళ్లాల్సిందే. మల్లెపూలు, చక్కెర పట్టుకెళ్లి, నెమలి ఈకల కుంచెతో తల మీద తట్టించుకుని వస్తే గానీ ఆమెకు వారం గడవదు. ఆఫీసులో నా పక్కన కూర్చునే మిత్రుడు ముస్లిం, ఐదు పూటలా నమాజు తప్పని మనిషి. మాటల్లో అమ్మ సంగతి వస్తే కాసేపు ఆగి, "మీ అమ్మగారిని ఏమీ అనను కానీ, అది మా మతంలో లేదు" అన్నాడు. అదే వారం టీవీలో ఒకాయన, సూఫీలకు మతమే లేదు, ప్రేమ ఒక్కటే వారి మతం అని గంటసేపు ఊదరగొట్టారు. ఇది మతంలో లేదని ఒకరు, దీనికి మతమే లేదని ఒకరు. తెలిసినవాళ్లు చెప్పండి. సూఫీ మార్గం ఇస్లాంలో భాగమేనా? అయితే దర్గాలో నేను చూసేదంతా అదేనా, లోపల ఇంకేమైనా ఉందా?

ఏఆర్ రెహమాన్ వస్తారు కదా అని మాత్రం జవాబు ఇవ్వకండి. ఆ సంగతి మా ఊళ్లో ఆటో ఎక్కితే చాలు, చెబుతారు.

ఉగ్గాని బజ్జి
రెహమాన్ వస్తారు కదా.

సాదా ముస్లిం
మీ మిత్రుడు చెప్పింది నిజం. మాది కర్నూలు జిల్లా. మా నాన్న తరం వరకు ఇంటిల్లిపాదీ ఎల్లార్తి దర్గా ఉర్సుకు బండి కట్టుకుని వెళ్లేవారు. నేను మానేశాను. దర్గాల మీద ద్వేషం లేదు, అక్కడ ఉన్నవారు గొప్పవారు కాదనీ అనను. కానీ సమాధి ముందు నిలబడి "బిడ్డను ఇవ్వు, ఉద్యోగం ఇవ్వు" అని అడగడం, దేవుడొక్కడే అన్న తౌహీద్‌కు విరుద్ధం. ఇచ్చేవాడు అల్లాహ్ ఒక్కడే, ఆయనను ఎక్కడి నుంచైనా అడగవచ్చు. ప్రవక్త కాలంలో చాదర్లు లేవు, కవ్వాలీలు లేవు, పీర్లు (సూఫీ గురువులు) లేరు. తర్వాత వచ్చినదాన్ని మతం అనడం నాకు కుదరదు.

గుత్తి ఎండ
నా బాధ వేరు. మా బంధువు ఒకరు, తనను తాను పీర్ అని చెప్పుకునే ఒకడి దగ్గరికి పిల్లాడి మూర్ఛ రోగం నయం చేయించడానికి వెళ్లారు. తాయెత్తు, నిమ్మకాయలు, నల్ల కోడి, మళ్లీ తాయెత్తు. ఆవు అమ్మేదాకా వదల్లేదు. చివరికి నరాల డాక్టరు మాత్రలు రాస్తే తగ్గింది. సూఫీ అన్న మాట వింటేనే నాకు ఆ ఆవు గుర్తొస్తుంది.

నూర్ మాస్టారు
పెన్నా తీరం గారూ, మీరు ఒకటి అనుకుని రెండు ప్రశ్నలు అడిగారు. సూఫీ మార్గం వేరు, దర్గా వేరు. దర్గా అనే కట్టడం లేని కాలంలోనూ ఆ మార్గంలో నడిచినవారు ఉన్నారు.

ముందు మూలం చెబుతాను. ప్రవక్త మాటలను, చేతలను సేకరించిన సహీహ్ ముస్లిం అనే గ్రంథంలో, ఆయన సహచరుడు ఉమర్ చెప్పిన హదీసు ఒకటుంది. తెల్లని బట్టలు కట్టుకున్న ఒక కొత్త మనిషి వచ్చి, ప్రవక్త మోకాళ్లకు మోకాళ్లు ఆనించి కూర్చుని అడుగుతాడు: ఇస్లాం అంటే ఏమిటి? ఈమాన్ అంటే ఏమిటి? ఇహ్‌సాన్ అంటే ఏమిటి? మొదటిదానికి జవాబు కలిమా (అల్లాహ్ తప్ప దేవుడు లేడనీ, ముహమ్మద్ ఆయన ప్రవక్త అనీ సాక్ష్యం పలకడం), నమాజు, జకాతు (విధి దానం), రోజా (ఉపవాసం), హజ్. రెండోదానికి జవాబు దేవుణ్ని, దూతలను, గ్రంథాలను, ప్రవక్తలను, తీర్పు దినాన్ని నమ్మడం. మూడోదానికి జవాబు: అల్లాహ్‌ను కళ్లారా చూస్తున్నట్టు ఆరాధించు, నువ్వు చూడలేకపోయినా ఆయన నిన్ను చూస్తున్నాడు. ఆ మనిషి వెళ్లిపోయాక, మీ మతం మీకు నేర్పడానికి వచ్చిన దైవదూత జిబ్రీల్ ఆయన అని ప్రవక్త చెబుతారు.

మొదటిది ఫిఖ్ (ఆచార నియమాల) పండితుల పని అయింది. రెండోదాన్ని కలాం (విశ్వాస తర్కం) పండితులు తీసుకున్నారు. మూడోదాన్ని జీవితమంతా సాధన చేయాలనుకున్నవారు సూఫీలు. ఆ విద్య పేరు తసవ్వుఫ్. నమాజుకు నిలబడ్డ మనిషి మనసు సంతలో తిరుగుతుంటే ఆ నమాజు చెల్లుతుందా? ఫిఖ్ ప్రకారం చెల్లుతుంది. ఆ మనసును సంత నుంచి వెనక్కి తెచ్చే ఉపాయం తసవ్వుఫ్ దగ్గర ఉంటుంది.

ఖురాన్‌లోనే మనిషి లోపలి 'నేను'కు, అంటే నఫ్స్‌కు మూడు స్థితులు కనిపిస్తాయి. చెడుకు ఉసిగొల్పేది అమ్మారా (12వ సూరా, అంటే అధ్యాయం), చేసినదానికి తనను తానే నిందించుకునేది లవ్వామా (75వ సూరా), శాంతించినది ముత్మయిన్నా (89వ సూరా). మొదటి దాని నుంచి మూడో దానికి చేరడమే సూఫీల ప్రయాణం. మిగతావన్నీ ఆ దారిలో వచ్చే సత్రాలు.

సాదా ముస్లిం గారూ, ఇందులో మీకు అభ్యంతరం ఏమైనా ఉందా?

సాదా ముస్లిం
నఫ్స్‌ను శుద్ధి చేసుకోవడంలో అభ్యంతరం ఎందుకు ఉంటుంది మాస్టారూ. "దాన్ని శుద్ధి చేసుకున్నవాడు గెలిచాడు" అని 91వ సూరాలో ఉంది. నా అభ్యంతరం పేరు మీద, మధ్యలో కూర్చునే మనిషి మీద. ఖురాన్, హదీసు ఉండగా పీర్ ఎందుకు?

ఖాదరీ మురీదు
దీనికి నేను చెప్పాలి. అనంతపురం వైపు ఒక పల్లెలో ఒక పీర్ దగ్గర బైఅత్ (శిష్యుడిగా ప్రమాణం) చేసినవాణ్ని. ఎవరి దగ్గరో చెప్పను.

చేయి పట్టుకుని తౌబా (పశ్చాత్తాపం) చదివించారు. చెవిలో ఏదో రహస్యం చెబుతారని నేను ఎదురుచూస్తున్నాను. ఆయన "ఫజర్ (తెల్లవారుజాము) నమాజు దొరుకుతోందా?" అని అడిగారు. తర్వాత "తమ్ముడితో మాటలున్నాయా?" అన్నారు. మా పొలం పంపకాల గొడవ ఆయన చెవిన ఎవరు వేశారో నాకు ఇప్పటికీ తెలియదు. లేవన్నాను. "ముందు వెళ్లి మాట్లాడి రా, వజీఫా (రోజూ చేసే జపం) తర్వాత ఇస్తాను" అన్నారు. బంగారంలాంటి మాటలు పుస్తకాల్లో చాలా ఉంటాయి. తమ్ముడి ఇంటి గడప తొక్కించడం పుస్తకం వల్ల కాలేదు. అందుకే పీర్.

అన్నట్టు, గుత్తి ఎండ అన్నా, ఆవు అమ్మించినవాడు పీర్ కాదు. మా దగ్గర ఒక లెక్క ఉంది: షరీఅత్ (మత నియమాలు) లేనివాడికి తరీఖత్ (సూఫీ సాధన మార్గం) లేదు. నమాజు చదవనివాడు నీటి మీద నడిచినా నమ్మవద్దు.

గుత్తి ఎండ
ఆ లెక్క మా బంధువుకు ఎవరూ చెప్పలేదు తమ్ముడూ. దొంగకు బోర్డు ఉంటుంది, మీ అసలు పీర్‌కు బోర్డు ఉండదు. అక్కడే చిక్కు.

సాదా ముస్లిం
గుత్తి ఎండ గారితో ఏకీభవిస్తున్నాను. మంచి పీర్‌ను గుర్తుపట్టగలిగే జ్ఞానం ఉన్నవాడికి పీర్ అవసరమే ఉండదు కదా.

నూర్ మాస్టారు
మాట చమత్కారంగా ఉంది. కానీ పీర్ అవసరం లేదని మీరు ఎవరి పేరు చెప్పి వాదిస్తారో ఆ పండితుడు ఇబ్న్ తైమియ్యా (మరణం 1328) సంగతి చూడండి. సమాధుల దగ్గర మొక్కులను ఆయనంత గట్టిగా ఖండించినవారు తక్కువ. అదే ఆయన, బాగ్దాద్‌కు చెందిన సూఫీ గురువు అబ్దుల్ ఖాదిర్ జీలానీని (మరణం 1166) గౌరవంగా తలచుకుని, జీలానీ రాసిన ఫుతూహుల్ గైబ్‌లోని కొన్ని భాగాలకు వ్యాఖ్య రాశారు. దేవ్‌బంద్ మదరసా స్థాపకులను చూడండి. దర్గాల ఆర్భాటాన్ని వద్దన్నవారే, సూఫీ గురువు హాజీ ఇమ్దాదుల్లా చేతిలో చేయి పెట్టి మురీదులు (శిష్యులు) అయినవారే. అంటే గొడవ తసవ్వుఫ్‌తో కాదు, దాని చుట్టూ పెరిగినవాటితో. ఈ తేడా తెలియకుండా పోట్లాడుకోవడం మన జిల్లాల్లో ఈ మధ్యే ఎక్కువైంది.

హంద్రీ వాగు
రిటైరైన తెలుగు లెక్చరర్‌ను, నాకు తోచింది చెబుతాను. ఇదంతా మన అద్వైతమే. "అనల్ హఖ్" (నేనే సత్యం) అన్నందుకే కదా సూఫీ మన్సూర్ హల్లాజ్‌ను 922లో బాగ్దాద్‌లో చంపారు? "అహం బ్రహ్మాస్మి" అన్నాడు, వాళ్లకు అర్థం కాలేదు, చంపేశారు. సూఫీలు నిజానికి ఇస్లాం చొక్కా వేసుకున్న వేదాంతులు.

ఉగ్గాని బజ్జి
లెక్చరర్ గారు తరగతి మొదలుపెట్టారు. అటెండెన్స్ ఉందా?

ఖాదరీ మురీదు
హంద్రీ వాగు గారూ, మీరు పెద్దవారు, కోపం తెచ్చుకోకండి. మా వాళ్లను మెచ్చుకుంటూనే మా ఇంట్లోంచి బయటికి తీసుకెళుతున్నారు. సాదా ముస్లిం గారు "మీరు లోపల లేరు" అంటారు, మీరు "మీరు బయటివారే" అంటారు. ఇద్దరూ కలిసి ఒకే పని చేస్తున్నారు.

హల్లాజ్ చెరసాలలో కూడా నమాజులు విడిచిపెట్టలేదని మా వాళ్లు చెప్పుకుంటారు. ఆయనను చంపడంలో ఆనాటి దర్బారు రాజకీయాలకూ వాటా ఉంది, ఒక్క మాట కోసం జరిగింది కాదు. ఆయన గురువుల తరంలోని జునైద్ (మరణం 910) ఖురాన్‌కు, ప్రవక్త నడిచిన బాట అయిన సున్నతుకు కట్టుబడని దారి దారే కాదన్నారు. మా సిల్సిలాలు (గురుపరంపరలు) చాలావరకు జునైద్ మీదుగానే ప్రవక్త దాకా వెళతాయి.

నూర్ మాస్టారు
లెక్చరర్ గారి పోలిక మరీ కొట్టిపారేసేది కాదు. మొఘల్ యువరాజు దారా షికో 1657లో ఉపనిషత్తులను పారసీలోకి తెచ్చి సిర్రె అక్బర్ అని పేరు పెట్టాడు, ఖురాన్, ఉపనిషత్తులు రెండూ ఒకే సత్యం చెబుతున్నాయని నమ్మే ఆ పని చేశాడు. సూఫీ తాత్వికుడు ఇబ్న్ అరబీ (1165–1240) పేరుతో ప్రసిద్ధమైన సిద్ధాంతం వహ్దతుల్ వుజూద్‌లో ఉన్నది ఒక్కటే అన్న మాట ఉంది. కానీ ఆయన దగ్గర కూడా దాసుడు ఎంత ఎదిగినా దాసుడే, ప్రభువు ప్రభువే. తర్వాత షేక్ అహ్మద్ సర్హిందీ (1564–1624) వచ్చి, ఆ ఏకత్వం చూసేవాడి అనుభవంలోనిదే తప్ప సృష్టీ సృష్టికర్తా ఒకటి కావని వాదించారు. ఆయనా సూఫీయే, సిల్సిలా నక్ష్‌బందీ. సూఫీలందరిదీ ఒకే సిద్ధాంతం అనుకుంటేనే ఇబ్బంది.

టీవీలో "సూఫీలకు మతం లేదు" అన్నాయన గజాలీని (1058–1111) తిరగేసి ఉంటే ఆ మాట అనేవారు కాదు. బాగ్దాద్ నిజామియా మదరసాలో అంత పెద్ద ఆచార్య పదవిలో ఉన్న మనిషికి, పాఠం చెబుదామంటే నోట మాట పెగలని స్థితి వచ్చింది. 1095లో అన్నీ వదిలి వెళ్లిపోయారు. ఆయనే రాసుకున్నారు: ఆరోగ్యం అంటే ఏమిటో నిర్వచించగలగడం వేరు, ఆరోగ్యంగా ఉండటం వేరు. తనకు నిర్వచనాలే తెలుసని అర్థమై వెళ్లిపోయిన మనిషి రాసిన ఇహ్యా ఉలూమిద్దీన్‌లో నలభై భాగాలు ఉన్నాయి. మొదటి నాలుగో వంతు శుద్ధి, నమాజు, జకాతు, రోజా, హజ్ గురించే. రెండో వంతు తిండి, పెళ్లి, సంపాదన. మూడో వంతు కోపం, అసూయ, పేరాశ, పేరు కోసం పాకులాట. నాలుగో వంతుకు వస్తే గానీ తౌబా, సహనం, దైవప్రేమ రావు. ప్రేమ కావాలంటే మూడు వంతులు దాటి రావాలి. టీవీ వాళ్లు నేరుగా చివరి అధ్యాయం తెరుస్తారు.

హంద్రీ వాగు
మాస్టారూ, సర్హిందీ సంగతి కొత్తగా విన్నాను. అయినా నా మాట మీద నేనున్నాను. అనుభవం ఒకటే, పేర్లు వేరు. మన కడప జిల్లాలోనే వీరబ్రహ్మం గారికి దూదేకుల సిద్ధయ్య శిష్యుడయ్యాడు కదా. అక్కడ ఏ హద్దు అడ్డొచ్చింది?

చెనిక్కాయలు
ఈ లెక్కన మా గూగూడు కుళ్లాయిస్వామి కూడా సూఫీయేనా? నార్పల మండలం మొత్తం తిరునాళ్లకు అక్కడే ఉంటుంది. అగ్నిగుండం తొక్కేవాళ్లలో సగం మంది మా వాళ్లే, రెడ్లు, బోయలు.

నూర్ మాస్టారు
కాదండీ. గూగూడులో లేచేవి మొహర్రం పీర్లు. హిజ్రీ 61లో, అంటే 680లో కర్బలాలో ప్రవక్త మనుమడు హుసేన్ అమరుడైన జ్ఞాపకం అది. దర్గాలో ఉండేది ఒక వలీ (సూఫీ మహనీయుడు) సమాధి, ఆయన పరమపదించిన తిథికి ఉర్సు. మన పల్లెల్లో రెండింటికీ పీర్లు అనే అంటారు, మొక్కేది కూడా ఆ జనమే కాబట్టి కలిసిపోయాయి.

తిరగలి పాట
ఇంతమంది మగవాళ్లు ఇబ్న్ అనీ గజాలీ అనీ మాట్లాడుతుంటే నేను ఎక్కడ దూరాలో తెలియడం లేదు. కానీ ఒక్క సంగతి. సూఫీల మాట మా ఇళ్లలోకి అరబ్బీ పుస్తకాలతో రాలేదు.

మా నానీకి చదువు లేదు. తెల్లవారుజామున జొన్నలు విసిరేటప్పుడు దక్కనీలో పాడేది. తిరగలి పిడి నిలువుగా ఉంటుంది కదా, అది అలిఫ్, అంటే అల్లాహ్ అని. మధ్యలో కదలకుండా నిలిచే ఇరుసు మొహమ్మద్ అని. శైతాన్ సవతి, పని చేయనివ్వదు అని ఆ పాటల భావం. పెద్దయ్యాక తెలిసింది, వీటికి చక్కీనామా అని పేరుందనీ, బీజాపూర్ వైపు చిష్తీ సూఫీల నుంచి దక్కను అంతా పాకాయనీ. రాట్నం తిప్పేటప్పుడు పాడేవి చర్ఖానామాలు. నానీ చేతికి ఎప్పుడూ పిండి ఉండేది, తస్బీహ్ (జపమాల) తిప్పే తీరిక లేదు. ఒక్కో గుప్పెడు జొన్నలు తిరగలి గుంటలో పోస్తూ బిస్మిల్లా అనేది, పిడి ఒక చుట్టు తిరిగితే "అల్లా", ఇంకో చుట్టుకు "హూ". పిండి జల్లెడ పట్టడం అయ్యేసరికి అజాన్ వినిపించేది. జిక్ర్ (దైవస్మరణ) అంటే ఏమిటని నన్ను అడిగితే నేను ఆ రాయి చప్పుడే చెబుతాను.

ఇంకో మాట, చాలా దర్గాల్లో మజార్ (సమాధి) ఉన్న లోపలి గదిలోకి ఆడవాళ్లను రానివ్వరు. స్వర్గం ఆశతో కాదు, నరకం భయంతో కాదు, నీ కోసమే నిన్ను ఆరాధిస్తాను అన్న మాట నేర్పింది బస్రాకు చెందిన సూఫీ సాధకురాలు రాబియా. ఆమె మజార్‌కు కూడా జాలీ (చిల్లుల అడ్డుతెర) ఇవతలే నిలబడాలేమో మేము.

ఉగ్గాని బజ్జి
దీనికి నా దగ్గర జోకు లేదు.

సాదా ముస్లిం
తిరగలి పాట గారూ, మీ నానీ చేసినదానికీ నాకూ ఏ పేచీ లేదు. అల్లాహ్‌ను ఎక్కువగా స్మరించండి అని 33వ సూరాలో ఉన్నదే ఆమె చేసింది. ఆ పాటలు ఎవరైనా రాసి పెట్టారా?

తిరగలి పాట
రెండు మూడు నా ఫోనులో ఉన్నాయి. పిన్నమ్మ పాడింది, పక్కన మేక అరుస్తూ ఉంటుంది.

మోడరేటర్
"48 గంటల్లో సమస్త సమస్యలకు పరిష్కారం, ఖాదరీ బాబా" అన్న ప్రకటన పోస్టును తొలగించాం. ఆ సభ్యుడికీ ఇక్కడి ఖాదరీ మురీదు గారికీ సంబంధం లేదు.

గుత్తి ఎండ
చూశారా? బోర్డు ఉన్నవాడు వచ్చాడు.

పెన్నా తీరం
ఒక్కో జవాబూ రెండేసి సార్లు చదివాను. నాకు మిగిలిన అనుమానం ఇది. నఫ్స్, గురువు, జిక్ర్, ఇదంతా సాధన చేసేవాళ్ల సంగతి. మరి మా అమ్మ చేసేది ఏమిటి? ఆమెకు గురువూ లేడు, వజీఫా లేదు. పూలు, చక్కెర, కుంచె. ఆమెది సూఫీ మార్గంలో ఏ మూలకైనా వస్తుందా? ఇంకొకటి, మురీదు గారూ, జిక్ర్ సభలో నాబోటివాడు కూర్చోవచ్చా?

ఖాదరీ మురీదు
మీ పెద్ద దర్గా మూలపురుషుడు పీరుల్లా హుసేనీ 17వ శతాబ్దం చివర బీదర్ నుంచి వచ్చారని చెబుతారు. చిష్తీ, ఖాదిరీ రెండు సిల్సిలాలూ ఆయనవి. పెనుకొండ బాబయ్య స్వామి కథ వినే ఉంటారు. సీస్తాన్‌లో రాజ్యం వదిలి, తిరుచిరాపల్లిలో నత్తర్ వలీకి శిష్యుడై, గురువు ఇచ్చిన పుల్లను దారి పొడుగునా నాటుతూ, అది చిగురించిన చోట ఆగిపోయారని. ఇలాంటివాళ్లు వచ్చినప్పుడు ఊళ్లో జనానికి గజాలీ తెలియదు. అన్నం పెట్టే సూఫీల మఠం, అంటే ఖాన్‌ఖా తెలుసు, జ్వరం వస్తే తల నిమిరే చేయి తెలుసు. ఆ చేయి పోయాక దాని జ్ఞాపకం మిగిలింది, మీ అమ్మగారు దాని దగ్గరికి వెళుతున్నారు. సాధన కాదు, సాధకుడి మీద ప్రేమ. మా పీర్ సాహెబ్ దీన్ని చిన్నచూపు చూడరు, అలాగని అదే గమ్యం అనీ చెప్పరు. వలీని అడగకు, వలీ ఎవరిని అడిగాడో ఆయనను అడుగు అంటారు. ఇది సాదా ముస్లిం గారికి కూడా కొంత నచ్చుతుందనుకుంటాను.

జిక్ర్‌కు రండి, ఎవరూ వద్దనరు. మా దగ్గర గురువారం రాత్రి ఇషా నమాజు తర్వాత. దీపాలు తగ్గిస్తారు, గుండ్రంగా కూర్చుంటాం. "లా ఇలాహ" అంటూ తల కుడి భుజం మీదికి, "ఇల్లల్లాహ్" అంటూ ఎడమ వైపు గుండె మీదికి. మొదట నిదానం, తర్వాత వేగం, చివరికి మాట పోయి ఊపిరి చప్పుడే మిగులుతుంది. కొత్తవాళ్లకు మర్నాడు మెడ పట్టేస్తుంది, ముందే చెబుతున్నాను. నక్ష్‌బందీల దగ్గరికి వెళితే ఆ బాధ లేదు, వాళ్లు పెదవి కూడా కదపరు. బైఅత్ మాత్రం వేరే సంగతి. అది కలిమాతో మొదలవుతుంది.

సాదా ముస్లిం
"కొంత" నచ్చింది. వలీ ఎవరిని అడిగాడో ఆయనను అడగడానికి వలీ దగ్గరిదాకా వెళ్లడం ఎందుకన్న నా ప్రశ్న అలాగే ఉంది. అమ్మగారి మనసు మాత్రం కష్టపెట్టకండి పెన్నా తీరం గారూ. నేను మా నాన్నతో ఈ విషయం ఎప్పుడూ వాదించలేదు.

హంద్రీ వాగు
బైఅత్‌కు కలిమా తప్పనిసరి అన్నది అందరి మాటా కాదు. పిఠాపురంలో ఉమర్ అలీషా (1885–1945) గారి పీఠం చూడండి. సూఫీ గురుపరంపరలో వచ్చినవారు, తెలుగు కవి, అవధాని. ఆ పీఠంలో అన్ని మతాలవాళ్లూ శిష్యులుగా ఉన్నారు, మతం మారమని ఎవరినీ అడగలేదు.

ఖాదరీ మురీదు
ఉమర్ అలీషా గారి మీద గౌరవం ఉంది. వారి పద్ధతి వారిది, మా సిల్సిలా పద్ధతి మాది.

సాదా ముస్లిం
పిఠాపురం సంగతికి వేరే చర్చ తెరవండి. అక్కడ నేను మాట్లాడాల్సింది చాలా ఉంది.

నూర్ మాస్టారు
తెరవండి, నేనూ వస్తాను. తిరగలి పాట గారూ, మీరు ముందు ఆ పాటలు పెట్టండి. మేక ఉన్నా ఫరవాలేదు.